తుక్కు వేలంలో ధర ఒక్కటే చూస్తే

విశాఖలో భారీ డేటా సెంటర్ పెడతామని గూగుల్ 2025 అక్టోబరు 14న ప్రకటించింది. సరిగ్గా అదే రోజు విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోయింది. మొదటి వార్త సంబరంలో రెండోది మరుగున పడింది గానీ, విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్లు రుషికొండ ఐటీ కంపెనీల నుంచి ద్వారకానగర్ ఆడిటర్ల ఆఫీసుల దాకా మూలన చేరేది ఆ రెండోదాని వల్లే.

వాటిని వదిలించుకోవడానికి చాలాచోట్ల రివాజు ఒకటే. నలుగురు పాత సామాను వ్యాపారుల్ని పిలిచి, ఎక్కువకు పాడినవారికి తూకం వేసి ఇచ్చేయడం. ఆ ఎక్కువ ఎక్కడి నుంచి వస్తుందో అడిగేవారు తక్కువ. సర్క్యూట్ బోర్డులో బంగారం, రాగి ఉన్నమాట నిజమే, సీసమూ ఉంటుంది. పద్ధతిగా విడదీయాలంటే యంత్రాలు కావాలి, పొగను వడకట్టాలి, నీటిని శుద్ధి చేయాలి. ఆ ఖర్చు ఎగ్గొట్టేవాడు పాట పెంచగలడు. వైర్లు ఆరుబయట కాల్చి రాగి తీస్తాడు, బోర్డులు యాసిడ్‌లో ముంచి బంగారం తీస్తాడు, మిగిలిన యాసిడ్ ఏ గెడ్డలోకో పారబోస్తాడు. వైర్ల మీది పీవీసీ ప్లాస్టిక్ తొడుగు కాలిన పొగలో డయాక్సిన్లనే విషాలుంటాయి. దాన్ని పీల్చేది రోజుకూలీ.

2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం, ఏడాదిలో ఎప్పుడైనా వెయ్యి పరికరాలు వాడిన సంస్థ తన ఈ-వ్యర్థాలను నమోదైన ఉత్పత్తిదారుకు, రిఫర్బిషర్‌కు (పాతవాటిని బాగుచేసేవారికి) లేదా రీసైక్లర్‌కే అప్పగించాలి. నమోదు ఉందో లేదో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో చూసుకోవచ్చు. అక్కడితో ఆగితే చాలదు. గోదాము తప్ప ప్లాంటు లేనివారు సరుకు కొని ఇంకొకరికి మళ్లించే వీలుంది. ఒక మనిషిని పంపి ప్లాంటు చూసి రమ్మనడం పెద్ద పనేం కాదు.

హార్డ్‌డిస్కుల సంగతి మరీ చోద్యం. క్విక్ ఫార్మాట్ కొట్టి చేతులు దులుపుకుంటారు. దాంతో ఫైళ్ల పట్టిక చెరుగుతుందే తప్ప, హార్డ్‌డిస్కులోని ఫైళ్లు చాలావరకు తిరిగి తీయదగ్గట్టే ఉంటాయి. ఆస్పత్రుల రిపోర్టులు, చిట్‌ఫండ్ ఖాతాదారుల ఆధార్ నంబర్లు అలాగే బయటికి పోతాయి. బలమైన అయస్కాంతంతో చెరిపే డీగాస్ పద్ధతిలో హార్డ్‌డిస్కు చెరుగుతుంది, చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీ చెరగదు. ఈ తేడా చెప్పలేని రీసైక్లింగ్ సంస్థను అక్కడికక్కడే వెనక్కి పంపేయాలి. ఒక్కో డిస్కుకూ సీరియల్ నంబరుతో ధ్వంస ధ్రువపత్రం రాయించుకోవాలి. వ్యక్తిగత డేటాకు తగిన భద్రత కల్పించకపోతే రూ.250 కోట్ల వరకూ జరిమానా అని 2023 నాటి చట్టం చెబుతోంది.

పోర్టు, స్టీల్‌ప్లాంటు, జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) వంటి పెద్ద సంస్థల టెండరు షరతులు చూసి మిగతావారూ రాసుకుంటారు. నమోదు, ప్లాంటు తనిఖీ, డేటా ధ్వంసం తేలాకే ధర కవరు విప్పాలని ఆ షరతుల్లో ఉండాలని మేము కోరుతున్నాం. రాబడి కొంత తగ్గుతుంది, తగ్గనీయండి. ఇక పది కంప్యూటర్ల ఆఫీసు కోసం రీసైక్లర్ వ్యాను రాకపోవచ్చు. ఒకే కాంప్లెక్సులోని ఆఫీసులన్నీ కలిసి ఏడాదికోసారి పిలిస్తే ఆ చిక్కూ తీరుతుంది.