అరటిపండుకి నవ్వారు, బిళ్లకి చెయ్యి చాచారు

మొన్న మన తెలుగు సంఘం పెట్టిన వాలీబాల్ టోర్నమెంటుకి వచ్చినవాళ్లకి ఆ మాట గుర్తుండే ఉంటుంది. సెమీఫైనల్స్ ముందు నేను రెండు పెట్టెల అరటిపళ్లు తెచ్చి స్కోరు బల్ల పక్కన సర్దుతుంటే, మైకు చేతిలో ఉన్న తమ్ముడు "అంకుల్ గారు తాంబూలాలు తెచ్చారు, ముత్తైదువలు వరసగా రావాలి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, మైకులో అన్నాక నవ్వక చస్తామా.

నన్ను గుచ్చింది అది కాదని మా ఆవిడతో అన్నాను గాని, అదీ గుచ్చింది. అంతకంటే గుచ్చింది అరగంట తరవాత జరిగింది. ఫైనల్ మొదలయ్యే ముందు ఒక టీమ్ కెప్టెన్ ఐబుప్రొఫెన్ అనే నొప్పి బిళ్లల డబ్బా మూత తీసి, గుళ్లో ప్రసాదం పంచినట్టు తలా రెండు బిళ్లలు అరచేతిలో వేసుకుంటూ పోయాడు. నొప్పి ఉన్నవాడికీ వేశాడు, లేనివాడికీ వేశాడు. "ముందే వేసేసుకుంటే రేపు ఆఫీసులో ఒళ్లు నొప్పులుండవు బ్రో" అని. మిట్టమధ్యాహ్నం ఎండ, సరిగ్గా తిండి లేదు, నీళ్లు లేవు. పద్నాలుగేళ్ల కుర్రాడొకడు చెయ్యి చాస్తే, చిన్నపిల్లాడని వాడికి ఒకటే వేశాడు. దాని మీద మైకులో ఎవరూ జోకు వెయ్యలేదు.

అమెరికాలో నార్త్ కరోలినాలోని మన షార్లెట్ నుంచి 85 హైవే మీద అరగంట పోతే కన్నాపొలిస్ వస్తుంది. ఒకప్పుడు తువ్వాళ్ల మిల్లుల ఊరు. 2003లో మిల్లు మూతపడి వేలమంది ఒక్కరోజులో రోడ్డున పడ్డారు. ఆ మిల్లు స్థలంలో ఇప్పుడు పరిశోధన క్యాంపస్ ఉంది. అందులో అపలాచియన్ స్టేట్ యూనివర్సిటీ ల్యాబ్ నడిపిన డేవిడ్ నీమన్ అనే శాస్త్రవేత్త స్వయంగా మారథాన్లు పరిగెత్తినవాడు. అలసిన ఒంట్లో ఏం జరుగుతుందన్నదే ఆయన పని. ఇంత దగ్గర్లో ఉన్న మనిషి గురించి మన సంఘంలో ఎవరూ మాట్లాడగా నేను వినలేదు. నేనూ మొన్న ఆ మంటతో ఇంటికొచ్చి కూర్చున్నాకే చదివాను లెండి.

కాలిఫోర్నియా కొండల్లో 160 కిలోమీటర్ల పరుగు పందెం ఒకటుంది. అందులో ఐబుప్రొఫెన్ వేసుకుని పరిగెత్తినవాళ్లనీ, వేసుకోనివాళ్లనీ ఆయన బృందం పోల్చి చూసి, 2006లో ప్రచురించింది. వేసుకున్నవాళ్లు ముందురోజు 600 మిల్లీగ్రాములు, పందెం రోజు 1200. తీరా చూస్తే వాళ్లకి కండరాల దెబ్బా తగ్గలేదు, ఒళ్లు నొప్పులూ తగ్గలేదు. పైగా ఒంట్లో వాపు సూచికలు పెరిగాయి, పేగుల్లోని బాక్టీరియా విషపదార్థం రక్తంలోకి ఎక్కువగా చేరింది. ఈ జాతి బిళ్లలు నొప్పి పుట్టించే రసాయనాలతోపాటు కడుపు లోపలి పొరని కాపాడేవాటినీ, కిడ్నీలకి రక్తం సరిగ్గా అందేలా చూసేవాటినీ కూడా ఆపేస్తాయి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి అసలు అవసరమయ్యేది అవే.

ఇక నా పళ్ల సంగతి. 2012లో ఆయన 14 మంది సైక్లిస్టుల చేత 75 కిలోమీటర్లు తొక్కించాడు. ఒకసారి స్పోర్ట్స్ డ్రింకుతో, ఒకసారి అరటిపళ్లతో, పావుగంటకి సుమారు అర పండు చొప్పున. పట్టిన టైము దాదాపు ఒకటే. 2018లో 20 మందితో మళ్లీ చేశాడు. నొప్పీ వాపూ పుట్టించడంలో చెయ్యున్న, ఐబుప్రొఫెన్ అడ్డుకునే కాక్స్-2 అనే ఎంజైము ఉందే, దాని తయారీ సంకేతం పళ్లు తిన్నవాళ్ల రక్తద్రవం పోసిన కణాల్లో తగ్గింది.

దాచకుండా చెప్పాలంటే, ఈ అరటిపళ్ల పరిశోధనకి డబ్బిచ్చింది డోల్ కంపెనీ. పళ్లమ్మేవాడి డబ్బుతో పండు గెలిచిందంటే నేనైనా ఒకటికి రెండుసార్లు చూస్తాను. కణాల్లో కనపడింది మోకాల్లో కనపడుతుందని ఎవరూ రుజువు చెయ్యలేదు. కడుపు ఉబ్బరంగా ఉందని సైక్లిస్టులే చెప్పారు. మనదంతా గొప్పని చెప్పే బాపతు కాదు నేను.

కాకపోతే నేను రావులపాలెం పక్క ఊరివాణ్ని. నాన్న సైకిలుకి ముందూ వెనకా గెలలు కట్టుకుని, తొక్కడానికి చోటు లేక నడిపించుకుంటూ అరటి మార్కెట్ యార్డుకి పోయేవాడు. కర్పూర చక్రకేళి గెల దించుతుంటే పాలు కారి బనియన్ మీద మచ్చపడేది. ఆ మచ్చ ఎన్ని ఉతుకులకీ పోదు. రాత్రి మెడా మోకాళ్లూ పట్టేస్తే అమ్మ ఇసుక వేయించి, పాత చీర గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టేది. దానికి గంట పట్టేది. బిళ్ల మింగడానికి గుక్కెడు నీళ్లు చాలు. మెల్లగా కాపడం పోయింది, బిళ్ల వచ్చింది. మందుల షాపులో చీటీ అడిగేవాడు లేడు. రోజుకి రెండు చొప్పున, పదకొండేళ్లు.

కాకినాడలో డాక్టరు గారు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చూసి, "ఏం మందులు వాడేవారండీ?" అని అడిగారు. నాన్న "మందులేం వాడలేదండీ, నొప్పి బిళ్లలే" అన్నాడు. బీపీ కూడా ఉంది, తప్పంతా బిళ్లది కాదని డాక్టరు గారే చెప్పారు. కానీ ఆ తరవాత వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి కూర్చున్న మూడేళ్లూ నాకు ఆ మాటే వినపడేది. ఊరందరికీ పళ్లు మోసిన మనిషి, యార్డులో రాలిన పండైనా తినకుండా బిళ్ల మింగాడు.

ఆ అలవాటు విమానం ఎక్కి మనతో వచ్చింది. ఎవరి సూట్‌కేసు తెరిచినా ఆవకాయ జాడీ పక్కన బిళ్లల సంచీ ఉంటుంది. మా ఇంట్లోనూ ఉంది.

కమిటీ వాళ్లని అడిగేది ఎక్కువ కాదు. మన బ్యానర్ కింద జరిగే ఆటల్లో బిళ్లల డబ్బా బయటికి రాకూడదు. నిజంగా దెబ్బ తగిలినవాడు బెంచీ మీద కూర్చోవాలి, పిల్లలకి వాళ్ల అమ్మానాన్నల్ని అడగకుండా ఏదీ ఇవ్వకూడదు. మన సంఘంలో డాక్టర్లకి కొదవా? దీపారాధనకి వేదిక మీదికి పిలిచినట్టే, ఒక్క పది నిమిషాలు మైకిచ్చి గ్రౌండుకి పిలవండి. నా మాట వినరు, వాళ్ల మాట వింటారు. తమ్ముడూ, ఈసారి కూడా తాంబూలం జోకు వేసుకో, నాకేం బాధ లేదు. ఆ డబ్బా కనపడితే మాత్రం మైకులో చెప్పు.

పళ్లు మాత్రం బుధవారమే కొనాలి, శనివారానికి సరిగ్గా మాగుతాయి. ఆ పని నాకు వదిలేయండి.