దురద లేదా? అందుకే చూపించుకోవాలి

మహారాష్ట్రలోని గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాల్లో, సిరొంచ, అహేరి, రాజురా వైపు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం చేతులు మారుతోంది. క్లుప్తంగా అందులో ఉన్నది ఇది: “ఒంటి మీద మచ్చ వస్తే భయపడకండి. దురద, నొప్పి లేకపోతే అది రోగమే కాదు. కుష్టు మన దేశంలో 2005లోనే పోయింది. మెడికల్ షాపులో తామర ట్యూబు తెచ్చి పది రోజులు రాయండి. తగ్గకపోతే భావంచాలు నిమ్మరసంలో నూరి పూసి ఎండలో కూర్చోండి. పిల్లల ముఖం మీది తెల్ల మచ్చలు కడుపులో పురుగుల వల్ల వస్తాయి. చేపలు తిన్న రోజు పాలు తాగితే బొల్లి వస్తుంది.”

ఇందులో నిజమని చెప్పగలిగింది ఒక్కటే: భయపడక్కర్లేదు. మిగతావి ఒక్కొక్కటిగా చూద్దాం.

“దురద, నొప్పి లేకపోతే రోగం కాదు.” అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే. మన జిల్లాల్లో సరిగ్గా దీన్ని తిరగేసి చదువుకోవాలి. కుష్టు సూక్ష్మజీవి చర్మంతో పాటు నరాల్లో కాపురం పెడుతుంది. ముందు వేడి, చల్లన తెలియకుండా పోతాయి. తర్వాత స్పర్శ, నొప్పి. దురద తెలియాలన్నా నరం పనిచేయాలి కదా. అందుకే ఆ మచ్చ దురద పెట్టదు, సలపదు, మనిషిని ఏ ఇబ్బందీ పెట్టదు. సున్నంలా తెల్లగా కూడా ఉండదు. చుట్టూ ఉన్న చర్మం కంటే కాస్త పాలిపోయి గానీ, రాగి రంగులో గానీ ఉంటుంది. దాని మీద వెంట్రుకలు పలచబడతాయి, చెమట పట్టదు. తునికాకు కోతకు వెళ్లినప్పుడు ఒళ్లంతా తడిసినా ఆ చోటు మాత్రం పొడిగా ఉంటే గమనించాలి. సూక్ష్మజీవి ఒంట్లో చేరాక మచ్చ బయటపడడానికి సగటున 5 ఏళ్లు, ఒక్కోసారి 20 ఏళ్లు కూడా పడుతుంది. కాబట్టి “నాలుగేళ్ల నుంచి ఉంది, ఏమైంది?” అన్నది ధైర్యం చెప్పే మాట కాదు.

ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది. మచ్చ ఉన్న మనిషిని పగటి వెలుగులో కూర్చోబెట్టండి. దూది కొసను సన్నగా మెలిపెట్టి, మొదట కళ్లు తెరిచి ఉండగానే మంచి చర్మం మీద తాకించి “ఇలా తాకిన చోట వేలు పెట్టాలి” అని చూపించండి. తర్వాత కళ్లు మూయించి మచ్చ మధ్యలో, అంచున, మళ్లీ మంచి చర్మం మీద వరస తప్పించి తాకించండి. తాకించడమే, గీయకూడదు. “తెలిసిందా?” అని ప్రతిసారీ అడగకూడదు; అడిగితే మొహమాటానికి తెలిసిందనే అంటారు. మంచి చర్మం మీద ప్రతిసారీ చూపిస్తూ, మచ్చ మీద పదేపదే తప్పుతుంటే వెంటనే దవాఖానకు వెళ్లాలి. అరికాలు, అరచేతుల్లో చర్మం మందం కాబట్టి దూది పనికిరాదు. బాల్‌పెన్ను మొనను తేలిగ్గా ఆనించాలి. సూది గుచ్చడం, అగరవత్తి ఆనించడం వద్దే వద్దు. మొద్దుబారిన చోట పడిన పుండు త్వరగా మానదు.

ఈ పరీక్షకూ హద్దులున్నాయి. ముఖం మీద నరాలు దట్టంగా ఉంటాయి కాబట్టి అక్కడి మచ్చకు స్పర్శ మామూలుగానే ఉన్నట్టు అనిపించవచ్చు. చిన్న పిల్లల జవాబులు నమ్మలేం. సూక్ష్మజీవులు ఎక్కువగా ఉండే రకంలో మచ్చలు రెండు వైపులా సమానంగా, నున్నగా, మెరుస్తూ ఉండి స్పర్శ పోకపోవచ్చు. చెవి తమ్మెలు దళసరి కావడం, కనుబొమల చివరి వెంట్రుకలు రాలడం ఆ రకానికి గుర్తులు. దూది తెలిసినంత మాత్రాన కుష్టు కాదని తీర్మానించకూడదు.

“2005లోనే పోయింది.” పోలేదు. 2005 డిసెంబరులో ప్రకటించింది ఏమిటంటే, దేశం మొత్తం మీద లెక్కిస్తే ప్రతి 10,000 మందిలో చికిత్సలో ఉన్న రోగులు ఒకరికంటే తక్కువకు దిగారని. అది సగటు. ఆ తర్వాత కూడా దేశంలో ఏటా లక్ష అటూఇటూగా కొత్త కేసులు తేలుతున్నాయి. మహారాష్ట్రలో ఎక్కువగా కనబడే జిల్లాల్లో గడ్చిరోలి, చంద్రపూర్ ఉన్నాయి. కుష్టు రోగుల కోసం బాబా ఆమ్టే పెట్టిన ఆనందవనం ఉన్న వరోరా మన చంద్రపూర్ జిల్లాలోనిదే. అయినా కుష్టు ఎక్కడో పాతకాలంలో ఉండేదన్నట్టు ఫార్వర్డులు పంపుకుంటున్నాం!

మందు ప్రభుత్వ దవాఖానల్లో ఉచితం. మచ్చలు 5 వరకు ఉండి, చర్మం గీసి చేసే పరీక్షలో సూక్ష్మజీవి కనబడకపోతే మామూలుగా 6 నెలలు. అంతకంటే ఎక్కువ ఉంటే, లేదా సూక్ష్మజీవి కనబడితే 12 నెలలు. నెలకోసారి రిఫాంపిసిన్ వేసుకున్నాక మూత్రం ఎర్రబడుతుంది. అది రక్తం కాదు. క్లోఫాజిమిన్ వల్ల ఒళ్లు నల్లబడుతుంది, మందు ఆపిన కొన్ని నెలలకు మళ్లీ తేరుకుంటుంది. ఈ రెండింటికే బెదిరి మధ్యలో మానేసేవాళ్లు ఉంటారు. మందు మొదలైన తొలి వారాల్లో జ్వరంతో ఒళ్లంతా దద్దుర్లు వస్తే మాత్రం అది ఈ మందులోనే ఉండే డాప్సోన్ మాత్ర పడకపోవడం కావచ్చు. ఆ మాత్ర ఆపి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పాత మచ్చలు ఒక్కసారిగా ఎర్రగా ఉబ్బినా, మోచేతి దగ్గర నరం నొప్పెట్టినా, చిటికెన వేలు వంగిపోతున్నా, నడుస్తుంటే చెప్పు జారిపోతున్నా ఆగకుండా దవాఖానకు వెళ్లాలి. ఆలస్యం లేకుండా డాక్టర్ ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు పడితే నరం కోలుకునే అవకాశం ఉంది. నెలలు గడిచేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది.

“తామర ట్యూబు పది రోజులు.” షాపులో అడగగానే చేతిలో పెట్టే ట్యూబు మీద చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్ అని ఉంటే అందులో స్టెరాయిడ్ ఉంది. నాలుగు రోజుల్లో ఎరుపు, దురద తగ్గుతాయి. తామర తెచ్చే ఫంగస్ మాత్రం లోపల పాకుతూనే ఉంటుంది. ఉంగరం లాంటి అంచు చెరిగిపోయి, తర్వాత డాక్టరుకు కూడా అది తామరేనా అన్నది పోల్చుకోవడం కష్టమవుతుంది. పైగా స్టెరాయిడ్ తానే చర్మాన్ని పల్చబరిచి కొత్త తెల్ల మచ్చ తెస్తుంది. ఇప్పటికే రాసి ఉంటే ఆ ట్యూబు వెంట తీసుకెళ్లి, ఎన్ని రోజులు రాశారో చెప్పండి.

ఛాతీ, వీపు, మెడ మీద గోటితో గీస్తే సన్నటి పొట్టు రాలే మచ్చలు చాలావరకు శోభి. దానికి 2 శాతం కీటోకోనజోల్ షాంపూ తడి ఒంటికి పట్టించి 5 నిమిషాలు ఆగి కడిగే పద్ధతి ఉంది. ఫంగస్ చచ్చినా రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది. పొట్టు రాలడం ఆగిందా లేదా అన్నదే చూసుకోవాలి.

“భావంచాలు, నిమ్మరసం, ఎండ.” భావంచాల గింజల్లో ఉండే సోరాలెన్ అనే పదార్థం ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తుంది. బొల్లికి డాక్టర్లు దాన్ని కొలత ప్రకారం, వెలుగు కూడా కొలిచి వాడతారు. పెరట్లో నూరుకున్న ముద్దకు, మే నెల ఎండకు కొలత ఎక్కడిది? బొబ్బలు లేస్తాయి. దెబ్బతిన్న చోటికి బొల్లి పాకవచ్చు కూడా. ఇక ఆ మచ్చ మొద్దుబారినదైతే కాలుతున్నట్టే తెలియదు.

“పిల్లలకు పురుగుల వల్ల.” కాదు. బడి ఈడు పిల్లల బుగ్గల మీద అంచులు కలిసిపోయినట్టుండే పాలిపోయిన మచ్చలు ఎక్కువగా పొడి చర్మం వల్ల వచ్చేవి. వాజలీనో కొబ్బరినూనో రాస్తుంటే నెలల మీద మాసిపోతాయి. ఆల్బెండజోల్ మాత్ర కడుపులో పురుగులు పోవడానికి మంచిదే, మచ్చలకు కాదు. ఇంట్లో ఎవరికైనా కుష్టు మందు నడిచి ఉంటే మాత్రం పిల్లవాడి మచ్చను పొడి చర్మమని వదిలేయకూడదు.

చేపలూ పాలూ సంగతి ఒక్క మాటలో: సంబంధం లేదు. బొల్లి అంటువ్యాధి కాదు. ఒంటి రక్షణ వ్యవస్థే రంగు కణాలను చంపడం వల్ల వస్తుంది.

ఆ సందేశం అసలు చెప్పనివి కొన్ని ఉన్నాయి. జ్వరంతో పాటు ఎర్రటి చుక్కలు లేచి, గాజు గ్లాసు అదిమినా మాయం కాకపోతే అది చర్మంలోకి దిగిన రక్తం. రాత్రయినా సరే దవాఖానకు. ఏదైనా మాత్ర వేసుకున్నాక నోట్లో పుండ్లు, ఒంటి మీద బొబ్బలు లేస్తే కూడా అంతే. అరికాలిలో గానీ గోటి కింద గానీ కొత్తగా నల్ల మచ్చ పుట్టి పెరుగుతుంటే వారాల్లో చూపించాలి. మెడ వెనక మఖమల్‌లా నల్లబడితే రుద్ది తోమడం మాని షుగర్ పరీక్ష చేయించాలి.

దవాఖానలో చెప్పుకోవడం దగ్గరే ఇంకో చిక్కు. మరాఠీలో ‘కోడ్’ అంటే బొల్లి. హిందీలో ‘కోఢ్’ అంటే కుష్టు. రెండూ కలిపి మాట్లాడే చోట ఒకదానికి ఇంకోటి రాసుకునే ప్రమాదం ఉంది. రోగం పేరు మీరు చెప్పకండి. మచ్చ చూపించి “హా చట్టా బధిర్ ఆహే” అనండి, మొద్దుబారిందని వాళ్లకు అర్థమవుతుంది. ఆశా తాయికి (ఆశా కార్యకర్తకు) చెప్పినా దారి చూపిస్తుంది. మందు మొదలయ్యాక మిర్చి ఏరడానికి తెలంగాణ వైపు వెళ్లాల్సి వస్తే ముందే చెప్పి అదనపు మాత్రల అట్టలు అడగండి. ఒక్కో అట్ట 28 రోజులకు. ఖాళీ అట్టలు, చికిత్స కార్డు పారేయకుండా మూటలో పెట్టుకుంటే, ఏ మందు ఎన్నో నెల నడుస్తోందో అక్కడి దవాఖానలో చూసి ఇస్తారు.