పీఎం కిసాన్ వాయిదా గారికి ఓ కౌలు రైతు జాబు

మహారాజశ్రీ రెండు వేల రూపాయల పీఎం కిసాన్ వాయిదా గారికి,

గోదావరి డెల్టా నుంచి ఓ కౌలు రైతు నమస్కరించి రాసేది. ఉభయకుశలోపరి. మనకు ముఖపరిచయం లేదు. నేను దున్నే పొలం పేరు మీదే తమరు ఏడాదికి మూడుసార్లు దయచేస్తారు గానీ, దిగేది మాత్రం హైదరాబాద్‌లో మా ఆసామి ఖాతాలో. పాసుపుస్తకం ఆయన పేరున ఉంది, తమరు మాత్రం ఏం చేస్తారు పాపం.

తమరి జాతకం గట్టిదండీ. 2019 ఫిబ్రవరి 1న బడ్జెట్‌లో పుట్టారు, వయసేమో 2018 డిసెంబరు 1 నుంచే లెక్కగట్టారు. ఫిబ్రవరి 24న గోరఖ్‌పూర్‌లో తొలి విడత, మార్చి 10న ఎన్నికల కోడ్. ఆ ముహూర్తం పెట్టిన పంతులుగారి అడ్రసు ఉంటే పంపండి, మా అమ్మాయి పెళ్లికి పనికొస్తారు.

బీజేపీకి 303 సీట్లొస్తే తమరి చలవని కొందరు, బాలాకోట్ వైమానిక దాడి చలవని కొందరు అన్నారు. మరి మా ఆంధ్రాలో అదే పార్టీకి నోటా కంటే తక్కువ ఓట్లు పడ్డాయేంటండీ? తమరి తప్పు కాదులెండి. ఇక్కడ తమరికి ఇంటిపేర్లు ఎక్కువ. చంద్రబాబు తొమ్మిది వేలు కలిపి అన్నదాత సుఖీభవ అన్నారు. జగన్ ఏడున్నర వేలు కలిపి రైతు భరోసా అన్నారు. ఇప్పుడు మళ్లీ సుఖీభవే, 20,000. అన్నింట్లోనూ ఆ ఆరు వేలూ తమరే. దండం ఎవరికి పెట్టాలో ఆసామికే తెలీదు.

పోనీ ఇచ్చినవాళ్లు గెలిచారా? అసెంబ్లీలో 2019లో బాబుకు 23 సీట్లు, 2024లో జగన్‌కు 11. తెలంగాణలో తమరి అన్నగారు రైతుబంధు ఎకరాల లెక్కన పడినా, 2024 లోక్‌సభలో బీఆర్ఎస్‌కు గుండుసున్నా. తీసుకుని వేరేవాళ్లకు గుద్దితే జనానికి విశ్వాసం లేదంటారు. సబ్బుబిళ్ల కొన్నా జీఎస్టీ కట్టేది ఎవరండీ?

డీఏపీ ఎరువు బస్తా 1,350. తమరితో ఒకటొస్తుంది, రెండోదానికి చాలదు. 2019 నుంచి 2024 ఎన్నికల దాకా తమరు పైసా పెరగలేదు.

ఇంకో విషయం. తమరు వెళ్లే ఆసామి ఓటు కూకట్‌పల్లిలో ఉంది. ఇక్కడ ఎండలో లైన్లో నిలబడేది నేను. తమరిని పంపేవాళ్లకు ఈ లెక్క ఇంకా తట్టినట్టు లేదు. కౌలు కార్డు తెచ్చుకోమంటారు. దానికి ఆసామి సంతకం కావాలి, అడిగితే ఆయనకు నడుం నొప్పి. ఈసారి ఫోన్లో టింగుమన్నప్పుడు ఆయన చెవిన ఓ మాట వేయండి.

ఇట్లు,
తమరి జాబితాలో లేని ఓటరు