సవరణ: అమ్మింది రెండింట్లో ఒకటే

స్టుట్‌గార్ట్‌లోని మెర్సిడెస్-బెంజ్ మ్యూజియం గురించి మొన్న రాసినదాంట్లో "300 ఎస్‌ఎల్‌ని 13.5 కోట్ల యూరోలకు అమ్మేశారు, ఇక వాళ్ల దగ్గర ఆ కారు లేనట్టే" అన్నాను. ధర సరైనదే, మిగతా రెండు ముక్కలూ తప్పే.

అది 300 ఎస్‌ఎల్ కాదు, 300 ఎస్‌ఎల్‌ఆర్ ఉహ్లెన్‌హౌట్ కూపే (కూపే అంటే పైకప్పున్న రెండు తలుపుల కారు). రెక్కల్లా పైకి లేచే తలుపులు చూసి పొరబడ్డాను. లోపల మాత్రం పోలికే లేదు. ఎస్‌ఎల్‌ది ఆరు సిలిండర్ల ఇంజన్, అమ్మకానికే 1,400 కూపేలు చేశారు. ఎస్‌ఎల్‌ఆర్‌ది గ్రాండ్ ప్రీ రేసు కారు నుంచి వచ్చిన ఎనిమిది సిలిండర్ల ఇంజన్. కూపేలు చేసింది రెండే, 1955లో. ఆ ఏడాది చివర్లో కంపెనీ రేసులే మానేయడంతో అవి ఒక్క పోటీలోనూ దిగలేదు. దాంతో ఇంజనీరు రుడాల్ఫ్ ఉహ్లెన్‌హౌట్ ఒకదాన్ని సొంత కారులా వాడుకున్నాడు. ఏం భోగం!

2022 మేలో, ఆ మ్యూజియంలోనే జరిగిన వేలంలో పోయింది ఒకటి. రెండోది కంపెనీ దగ్గరే ఉండిపోయింది. వచ్చిన డబ్బు విద్యార్థుల స్కాలర్‌షిప్పుల నిధికి కేటాయించారు. అప్పటి కంపెనీ ప్రకటనలో ఇదంతా స్పష్టంగానే ఉంది, నేనే హెడ్డింగు దగ్గర ఆగిపోయాను. పాత రాతలో ఆ వాక్యం మార్చాను.