గంటకు 436 కిలోమీటర్ల తొలకరి

తొలకరి దగ్గరపడింది కాబట్టి ప్రజాహితం కోరి ఒక హెచ్చరిక. ఈసారి చినుకులు సెకనుకు 121 మీటర్ల వేగంతో పడతాయి. అంటే గంటకు 436 కిలోమీటర్లు. వందేభారత్ అంతటిది కూడా 160 దగ్గర ఆగిపోతుంది.

ఈ సంగతి వాతావరణ శాఖకు ఇంకా అందినట్టు లేదు. ఎంట్రన్సుల పేరు చెప్పి ఇంటర్ పిల్లల చేత రుబ్బించే ప్రశ్నల పుస్తకాల్లో మాత్రం ఎప్పటినుంచో ఉంది. "వాన చినుకు వ్యాసార్థం 1 మి.మీ., గాలి స్నిగ్ధతా గుణకం 1.8×10⁻⁵ పాస్కల్ సెకను, చరమ వేగమెంత?" స్నిగ్ధత అంటే చిక్కదనం, చరమ వేగమంటే గాలి అడ్డు బరువుకు సమానమయ్యాక ఇక పెరగని వేగం. దాన్ని కట్టే స్టోక్స్ సూత్రంలో అంకెలు పడేస్తే 121 వస్తుంది. ఆప్షన్ సి. కరెక్టు. తర్వాతి ప్రశ్న.

కాబట్టి గుడ్డ గొడుగులు అటకెక్కించండి. పెద్ద గాలిమరల రెక్కల కొసలు సెకనుకు 80 మీటర్లకు అటూ ఇటూగా తిరుగుతూ వానలో తడిస్తేనే, కొన్నేళ్లకు వాటి అంచులు ఎలుకలు కొరికినట్టు తయారవుతాయి. మరి 121 అంటే బజ్జీల బండి మీది టార్పాలిన్ ఏపాటిది? నాట్లు వేసే ఆడవాళ్లకు హెల్మెట్లు పంచాలి. వాన కోసం కప్పకు పెళ్లి చేసిన ఊరు మర్నాడే దానికి విడాకులిప్పించడానికి పరుగెత్తాలి. ఇదంతా చిన్న చినుక్కే. అదే సూత్రంలో 5 మి.మీ. వ్యాసం ఉన్న పెద్ద చినుకును పెడితే 756 వస్తుంది. శబ్ద వేగానికి రెండింతల పైమాటే. చినుకు ముందు పడుతుంది, చప్పుడు తర్వాత వస్తుంది. అయితే ఆ వేగం అందుకోవాలంటే, అసలు గాలే లేదనుకున్నా, మబ్బు 29 కిలోమీటర్ల ఎత్తునుంచి చినుకును వదలాలి. మన ఆషాఢపు మబ్బులకు అంత స్తోమత లేదు.

ఇక ఆ పుస్తకాల నిష్ఠ చూడండి. నీటి సాంద్రత 1000 లోంచి గాలి సాంద్రత 1.2 తీసేయడం మరిచిపోరు. ఉత్ప్లవనం (చినుకును గాలి పైకి నెట్టే బలం) కదా, వదిలేస్తే పాపం! వెయ్యిలో ఒక వంతు తేడా దగ్గర అంత నియమం పాటించేవాళ్లు, జవాబు పద్దెనిమిది రెట్లు ఎక్కువొచ్చినా కన్నెత్తి చూడరు. 2 మి.మీ. వ్యాసం ఉన్న చినుకు వేగాన్ని గన్, కింజర్ అనే శాస్త్రవేత్తలు 1949లోనే కొలిచి పెట్టారు: సెకనుకు 6.49 మీటర్లు.

ఇందులో స్టోక్స్ తప్పేమీ లేదు. 1851లో ఆయన రాసింది, ప్రవాహి (గాలైనా, ద్రవమైనా) బద్ధకంగా వస్తువును చుట్టుకుని వెనకాల మళ్లీ కలుసుకునే సందర్భానికి. రెనాల్డ్స్ సంఖ్య (ప్రవాహి జడత్వం దాని చిక్కదనానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) 1 కన్నా బాగా తక్కువుండాలి. ల్యాబులో ఆముదం నింపిన గాజు గొట్టంలో 1 మి.మీ. వ్యాసార్థపు ఉక్కు గుండు వేస్తే అది సెకనుకు ఒకటిన్నర సెంటీమీటర్లు దిగుతుంది, రెనాల్డ్స్ సంఖ్య 0.03. అక్కడ సూత్రం బంగారం. (గొట్టం వ్యాసార్థం 2 సెంటీమీటర్లే అయితే గోడల వల్ల గుండు సుమారు 11 శాతం నెమ్మదిస్తుంది. ఆ సవరణ కూడా చాలా రికార్డుల్లో కనపడదు.) పొగమంచు బిందువుకూ సరిపోతుంది. అదే 121 మీటర్ల చినుకుకు రెనాల్డ్స్ సంఖ్య కట్టండి: గాలి సాంద్రత 1.2 × వేగం 121 × వ్యాసం 0.002 ని స్నిగ్ధత 1.8×10⁻⁵తో భాగిస్తే పదహారు వేలు! ఒకటి కూడా దాటకూడని చోట పదహారు వేలు. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టే మహావృక్షమంటారు. ఇక్కడ అన్ని చెట్లూ ఉన్నాయి, నరికేసి మరీ ఆముదాన్ని నిలబెట్టారు.

అసలు లెక్క ఇంకో నాలుగు పంక్తులే. డ్రాగ్, అంటే గాలి అడ్డు: సగం, ఇంటూ గాలి సాంద్రత, ఇంటూ వేగం వర్గం, ఇంటూ ఎదురు వైశాల్యం, ఇంటూ డ్రాగ్ గుణకం (ఆకారాన్నీ రెనాల్డ్స్ సంఖ్యనూ బట్టి మారే అంకె). ఎదురు వైశాల్యమంటే పై ఆర్ స్క్వేర్, గోళం చుట్టూ ఉన్న నాలుగు పై ఆర్ స్క్వేర్ కాదు. రెనాల్డ్స్ సంఖ్యలో వేయాల్సింది వ్యాసం, వ్యాసార్థం కాదు. ముందు వేగం 10 అనుకోండి. రెనాల్డ్స్ 1300 పైచిలుకు, గోళానికి గుణకం సుమారు 0.44. దాన్ని బరువుతో సమానం చేస్తే వేగం 7 వస్తుంది. ఆ 7తో రెనాల్డ్స్ మళ్లీ కడితే 930 పైన. గుణకం 0.45, వేగం మళ్లీ 7 దగ్గరే. అయిపోయింది. కొలిచిన 6.49కి ఇంకా కాస్త తేడా ఉందంటే, చినుకు నిజంగా గోళం కాదు, గాలి ఒత్తిడికి కొంచెం చదునవుతుంది. పెద్ద చినుకులైతే బన్నులా అడుగు చదునుగా, పైన గుండ్రంగా ఉంటాయి. అందుకే ఎంత లావైనా సెకనుకు 9 మీటర్ల దగ్గర ఆగిపోతాయి, ఇంకా లావెక్కితే పగిలిపోతాయి.

ఇది పిల్లలకు అర్థం కాదని ఎవరన్నారు? తెల్లవారుజామున లేపి, రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టి, వంద సూత్రాలు మింగించగలిగినవాళ్లకు, "వచ్చిన జవాబును ఒకసారి రెనాల్డ్స్ సంఖ్యలో పెట్టి చూడు" అన్న ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదా? పుట్టినప్పటినుంచి వానలో తడిసిన పిల్లాడు "121 ఏంటి సార్, తల పగలదా?" అని అడిగితే వాడికి దక్కేది "అది సిలబస్‌లో లేదు, కూర్చో". అనుమానంతో బబ్లింగ్ చేయకుండా వదిలేసినవాడు మార్కు పోగొట్టుకుంటాడు. కళ్లు మూసుకుని సి పెట్టినవాడు ఫ్లెక్సీ ఎక్కుతాడు. చూసిన వానను నమ్మొద్దని నేర్పడానికి లక్షల్లో ఫీజు కట్టించుకుంటున్నారు. సిగ్గుండాలి!

అన్నట్టు, అలాంటి పుస్తకాల్లోనే ఇంకో ప్రశ్న తిరుగుతుంటుంది: నీళ్లలో వదిలిన 2 మి.మీ. వ్యాసార్థపు ఉక్కు గుండు. అదే స్టోక్స్ ప్రకారం సెకనుకు 59 మీటర్లు, గంటకు 213 కిలోమీటర్లు. నిజానికది సెకనుకు మీటరు కూడా దిగదు. అయినా బావుల్లో ఉన్న తాబేళ్లు దయచేసి పక్కకు తప్పుకోగలరు.