వాల్వు బిగిస్తే సరిపోదు

పెరట్లో మొక్కలకు పురుగుమందు కలుపుతున్నారు. కుళాయికి తగిలించిన గొట్టం కొస బకెట్లో మునిగి ఉంది. సరిగ్గా అప్పుడే వీధి చివర మెయిన్ పైపు పగిలింది. లైనులో ప్రెషర్ పడిపోయింది. ఇంతసేపూ బకెట్ నింపిన గొట్టమే ఇప్పుడు అందులోని మందునీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. కాసేపటికి సప్లై మామూలవుతుంది. వంటింట్లో ఎవరో మంచినీళ్లు పట్టుకుంటారు.

ప్లంబర్లు బ్యాక్‌ఫ్లో అనేది దీన్నే. శుద్ధి కేంద్రంలో ఎంత జాగ్రత్తపడినా ఇంటి పైపుల్లో జరిగే ఈ పొరపాటును అక్కడి నుంచి ఆపలేరు. 1933లో షికాగోలో రెండు హోటళ్లలో మురుగు పైపులకూ మంచినీటి పైపులకూ లంకె పడి అమీబిక్ విరేచనాలు ప్రబలాయి. 98 మంది చనిపోయారు. 1969లో మసాచుసెట్స్‌లోని హోలీ క్రాస్ కాలేజీ ఫుట్‌బాల్ మైదానంలో ఆటగాళ్లు తాగే కుళాయి, గడ్డి తడిపే గొట్టాలు ఒకే లైను మీద ఉండేవి. దగ్గర్లో అగ్నిప్రమాదం జరిగింది. మంటలార్పడానికి నీళ్లు తోడేసరికి ప్రెషర్ తగ్గి, నేలలో నిలిచిన కలుషిత నీరు పైపులోకి వెళ్లింది. కోచ్‌లతో కలిపి 97 మందిలో 90 మందికి హెపటైటిస్ సోకింది. రెండు మ్యాచ్‌లు ఆడాక ఆ ఏడాది సీజన్ రద్దు చేసుకున్నారు.

అన్నింటికన్నా నమ్మకమైన రక్షణ ఖాళీ జాగా. కుళాయి మూతికీ తొట్టి అంచుకూ మధ్య పైపు వ్యాసానికి కనీసం రెండింతల ఎడం ఉంటే నీళ్లు వెనక్కి ఎక్కలేవు. చెడిపోవడానికి అందులో స్ప్రింగూ లేదు, రబ్బరూ లేదు. (గొట్టం తగిలించి బకెట్లో ముంచితే మాత్రం ఆ ఎడం ఉన్నా లేనట్టే.)

ఆ వీలు లేనిచోట నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వులు పెడతారు. చిక్కంతా వీటితోనే. స్ప్రింగు బలం తగ్గుతుంది, రబ్బరు బిళ్ల గట్టిపడుతుంది, ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా తలుపు పూర్తిగా మూసుకోదు. అయినా కుళాయిలో ధార ఎప్పటిలాగే వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నీళ్లు కట్టేసి, వాల్వు మీది టెస్ట్ కుళాయిలకు ప్రెషర్ కొలిచే గేజి తగిలించి చూస్తేనే లోపం బయటపడుతుంది.

తోట స్ప్రింక్లర్లు, బాయిలర్లు, వేరే నీటి వనరుతో కలిసిన లైన్లు ఉన్నచోట ఏడాదికోసారి ఈ టెస్టు తప్పనిసరి చేయాలని మేం కోరుతున్నాం. రిపోర్టు రాకపోతే నీటి సరఫరా సంస్థే నోటీసు పంపాలి. మామూలు ఇళ్ల మీద ఈ ఖర్చు రుద్దమని అనడం లేదు. వాళ్ల గొట్టం కుళాయికి చిన్న వాక్యూమ్ బ్రేకర్ (ప్రెషర్ పడిపోతే గాలిని లోపలికి వదిలి, నీళ్లను వెనక్కి పీల్చుకోనివ్వని పరికరం) బిగిస్తే చాలావరకు సరిపోతుంది.

టెస్టు చేసేవాళ్లే కొత్త వాల్వులు అమ్మేవాళ్లయితే ఇంటివాళ్లకు సందేహం రావడం సహజం. అందుకే రిపోర్టులో ‘పాస్’, ‘ఫెయిల్’ అని టిక్కు పెట్టి వదిలేయకూడదు. గేజి చూపించిన అంకె, ఆ గేజిని చివరిసారి సరిచూసిన తేదీ కూడా ఇంటివాళ్ల ఎదుటే రాసివ్వాలి.