సిరుసేరిలో ఇంకో గేటు

పాత మహాబలిపురం రోడ్డు మీద పొద్దున్నే సిరుసేరి వైపు వెళ్ళే కంపెనీ బస్సు ఎక్కితే తెలుగు బాగానే వినిపిస్తుంది. వీసాలు, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్, పిల్లల కోచింగ్ ఫీజులు. మా ఆఫీసున్న సిప్‌కాట్ ఐటీ పార్కులోనే చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ గేటు కూడా ఉంది. అది లెక్కల్లో చదువు, పరిశోధన నడిచే సంస్థ. అది కూడా ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీయే అని మొదటి రెండేళ్ళు నేనూ అనుకున్నాను.

మొన్న పక్క సీట్లో కూర్చునే గుంటూరు ఆయన దిగులుగా ఉన్నాడు. వాళ్ళబ్బాయి ఇంజినీరింగ్ వద్దు, ఈ ఇన్‌స్టిట్యూట్‌లో బీఎస్సీ చదివి లెక్కల్లో రీసెర్చ్ చేస్తానంటున్నాడట. ‘‘లెక్కల్లో రీసెర్చ్ అంటే ఏం చేస్తారండీ? లెక్కలన్నీ ఎప్పుడో చేసేశారుగా!’’

ఆయన్ని తప్పు పట్టలేను. ఎంసెట్ రాసి వచ్చినవాళ్ళం. 3 గంటల్లో 160 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి నిమిషం చిల్లర. అది దాటితే వదిలేసి ముందుకెళ్ళమని మాకు నేర్పారు.

ఈ సంస్థను నిలబెట్టిన సి.ఎస్. శేషాద్రి పట్టుకున్న ఒక ప్రశ్న చూడండి. వెక్టర్ స్పేస్ అంటే కూడుకోగల, సంఖ్యలతో గుణించుకోగల వెక్టర్ల సముదాయం. దానికి బేసిస్ ఉంటుందని, అంటే అందులోని ప్రతి వెక్టర్‌నీ ఒకే ఒక్క రకంగా కూర్చిపెట్టే కొన్ని మూల వెక్టర్లు ఉంటాయని, బీటెక్ మొదటి ఏడాదిలో చదివాం. గుణకాలుగా మామూలు సంఖ్యల బదులు బహుపదులు పెడితే దాన్ని మాడ్యూల్ అంటారు, ఆ గ్యారంటీ పోతుంది. కనీసం ప్రొజెక్టివ్ మాడ్యూల్ అనే రకానికైనా (బేసిస్ ఉన్న మాడ్యూల్‌లోంచి శుభ్రంగా విడదీసిన ముక్క లాంటిది) బేసిస్ ఉంటుందా అన్న ప్రశ్నను ఫ్రెంచి గణితవేత్త సెర్ 1955లో లేవనెత్తాడు. ఒక చరరాశి అయితే ఉంటుందని అప్పటికే తెలుసు. రెండు చరరాశుల సంగతి 1958లో శేషాద్రి తేల్చాడు, 26 ఏళ్ళకి. ఎన్ని చరరాశులున్నా ఉంటుందని అమెరికాలో క్విలెన్, సోవియట్ యూనియన్‌లో సుస్లిన్ విడివిడిగా నిరూపించేసరికి 1976 వచ్చింది. ఒక్క ప్రశ్నకి 21 ఏళ్ళు. ఈలోపు శేషాద్రి 1965లో ఎం.ఎస్. నరసింహన్‌తో కలిసి ఇంకో సిద్ధాంతం నిరూపించాడు. వాళ్ళిద్దరి పేర్లతోనే చలామణీ అవుతున్న ఆ ఫలితానికి 1983లో డొనాల్డ్‌సన్ కొత్త రుజువు ఇచ్చాడు.

ఇదంతా మేధస్సు ఖాతాలో వేసేస్తే మనకి సుఖం. నాకు మాత్రం మేధస్సు కంటే, ఏళ్ళ తరబడి ఒకే ప్రశ్న మీద కూర్చోనిచ్చే కుర్చీ ముఖ్యమనిపిస్తుంది. శేషాద్రి 1953లో బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో చేరి, మధ్యలో పారిస్ వెళ్ళొచ్చినా, 1984 దాకా అక్కడివాడే. ఆ గణిత విభాగాన్ని కట్టింది, ఆయన పీహెచ్‌డీ గైడు, మన మచిలీపట్నంలో పుట్టిన కొమరవోలు చంద్రశేఖరన్. రామానుజన్ పేరు చెప్పి పిల్లల్ని బాదే ఇళ్ళలో ఈ పేరు నేనెప్పుడూ వినలేదు. తర్వాత శేషాద్రితో, ఇంకో గణితవేత్త లక్ష్మీబాయితో కలిసి పనిచేసిన గణితవేత్త సి. ముసిలి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనే పాఠాలు చెప్పాడు. ఆయన పేరూ అంతే.

57 ఏళ్ళ వయసులో, 1989లో, శేషాద్రి చెన్నైలో కొత్త సంస్థ మొదలుపెట్టాడు. మొదట టీ నగర్‌లో, ఓ ఎరువుల కంపెనీ ఫౌండేషన్ నీడలో. 1998లో బీఎస్సీ పెట్టినప్పుడు సొంతంగా డిగ్రీ ఇచ్చే హక్కు లేదు. సర్టిఫికెట్ మధ్యప్రదేశ్‌లోని భోజ్ ఓపెన్ యూనివర్సిటీ పేరు మీద వచ్చేది. సొంతంగా డిగ్రీలిచ్చే డీమ్డ్ యూనివర్సిటీ హోదా 2006లో గానీ రాలేదు. ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీకి పిల్లల్ని పంపిన ఆ మొదటి తల్లిదండ్రులకు ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో!

గుంటూరు ఆయన భయం కూడా ఉత్తదేం కాదు. పీహెచ్‌డీ, ఆ తర్వాత ఊళ్ళు మారుతూ పోస్ట్‌డాక్‌లనే తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు, పర్మనెంట్ ఉద్యోగం వచ్చేసరికి ముప్పై దాటడం మామూలే. ఇంటి లోను కట్టేవాడికి అది చిన్న విషయం కాదు. ఆ ఇరవై ఒక్క ఏళ్ళ కథ మాత్రం ఆయనకి చెప్పాను. శ్రద్ధగానే విన్నాడు. బస్సు ఆ గేటు ముందు మలుపు తిరుగుతుంటే అటే చూస్తూ అడిగాడు: ‘‘డెబ్బై ఆరులోనే తేలిపోయిందిగా. మరి ఇంకా లోపల కూర్చుని ఏం చేస్తున్నారండీ?’’